పెళ్లి పత్రికతో కొలిచిన ప్లగ్గు గ్యాపు

ఇందులో రాస్తున్న ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు. మామూలుగా ఒట్టేయాల్సి వస్తే మా ఆవిడ తల మీద వేస్తాను, ఇన్నేళ్లుగా ఆ తల చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి. ఈసారి అలా కాదు. ఇరవయ్యేళ్లుగా రాగి తీగ చుట్టి కాయలు కాచిన నా రెండు చేతుల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా, ఈ చేతులు చుట్టిన మోటార్లన్నీ చేవెళ్ల చుట్టుపక్కల బోర్లలో ఒకే రోజు కాలిపోవాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

ఇంత గట్టిగా ఎందుకంటే, నా మాట నమ్మడం జనం ఎప్పుడో మానేశారు. మా ఊరు ఆలూరు. దుకాణం చేవెళ్లలో. బోరు మోటారు కాలిపోతే పాత తీగ లాగేసి కొత్తది చుట్టి ఇవ్వడం నా పని. మోటారు తయారయ్యేదాకా రైతు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటాడు. అక్కడ పంట ఎండుతుంటుంది. అలాంటి మనిషిని ఊరికే కూర్చోబెట్టలేను కదా, అందుకని ఏదో ఒకటి చెబుతుంటాను. ఆరు వందల అడుగుల లోతు నుంచి పంపు పైకి లాగితే అందులో బతికున్న చేప వచ్చిందనీ, అది ఎప్పుడూ వెలుతురు చూడలేదు కాబట్టి కళ్లకు రెక్క అడ్డం పెట్టుకుందనీ చెప్పాను. మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌసు మోటారు బాగుచేసి వస్తుంటే వాళ్ల కుక్క గేటు దాకా వచ్చి నాకు ఇంగ్లిష్‌లో థాంక్స్ చెప్పిందన్నాను. రైతు నవ్వేవాడు. ఎండిన పంట కాసేపు మరిచిపోయేవాడు. ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ని.

కానీ ఒక్క మనిషి నమ్మేవాడు. మా పక్కింటి అన్న.

నాకంటే పదేళ్లు పెద్ద. రక్తం పంచుకున్న అన్న కాదు, ప్రహరీ గోడ పంచుకున్న అన్న. చర్చిలో పెద్దమనిషి. క్యారెట్, బీట్‌రూట్ వేస్తాడు. మార్కెట్‌కు కట్టలు కట్టేటప్పుడు అందరూ పగిలిన దుంపల్ని లోపల పెడతారు, ఈయన పైన పెడతాడు. తాను అబద్ధం ఆడడు కాబట్టి ఎదుటివాడు ఆడతాడన్న ఆలోచనే ఆయనకు రాదు. చేప కథ చెప్పినప్పుడు అందరూ నవ్వుతుంటే ఈయనొక్కడే ముఖం దిగులుగా పెట్టి, దాన్ని మళ్లీ బోరులో వదిలిపెట్టావా లేదా అని అడిగాడు. వదిలిపెట్టానని చెప్పేదాకా చాయ్ తాగలేదు.

ఆయన భార్య, మా వదినకు దమ్ము రోగం, అంటే ఉబ్బసం, ఉంది. చలికాలం మంచు పడదు, ఎండాకాలం దుమ్ము పడదు, ఆ రెంటి మధ్యలో చామంతి తోటల గాలి పడదు. నెలకోసారి మొయినాబాద్‌లో డాక్టరుకు చూపించుకోవాలి. బస్సుల్లో నిలబడి వెళ్లలేకపోతోందని అన్న ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. ఆ కారుకు తెలిసిన దారులు రెండే. ఒకటి చర్చికి, ఇంకొకటి దవాఖానకు.

నాకూ అలాంటిదే ఒక కారు ఉంది. కిందటేడు దాని మైలేజీ బాగా పడిపోతే, మా దుకాణానికి నాలుగు షట్టర్ల అవతల ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను స్పార్క్ ప్లగ్గులు విప్పి చూపించాడు. ప్లగ్గు కొసన మధ్యలో ఒక చిన్న పుల్ల ఉంటుంది, దాని మీదికి కొక్కెంలా వంగిన ఒక రేకు ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందునే గ్యాపు అంటారు. కరెంటు ఆ సందు దూకినప్పుడు పుట్టే నిప్పుతో పెట్రోలు అంటుకుంటుంది. దూకి దూకి పుల్ల అరిగిపోతుంది, సందు పెరుగుతుంది. అప్పుడు బండి ఎత్తు ఎక్కుతున్నా బరువు లాగుతున్నా కరెంటు ఆ సందు దూకలేదు. ఆ విడత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ గుండా పోతుంది. అలాగని సందు మరీ తగ్గిస్తే నిప్పు చిన్నదైపోయి పెట్రోలు సరిగా అంటుకోదు.

అతను రేకును మెల్లిగా తట్టి సందు సరిచేశాడు. గ్యాపు కొలిచే ఇనుప పత్తీలు ఆ రోజు ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టున్నాడు. గోడకు మేకు మీద గుచ్చి ఉన్న ఏనాటిదో పెళ్లి పత్రిక తీసి, మధ్యకు మడిచి, సందులో దూర్చి చూసుకున్నాడు. మిల్లీమీటరుకు కాస్త తక్కువ వస్తుందట, తన గురువు కూడా అలాగే చేసేవాడట. పదమూడు కిలోమీటర్లు ఇస్తున్న నా బండి మళ్లీ పదహారు ఇచ్చింది. నేను మెచ్చుకుంటుంటే అతనొక మాటన్నాడు.

“గ్యాపుతోని మైలేజ్ పెరగదన్నా. పోయింది తిరిగొస్తది, గంతే.”

ఈ మాటను నేను చాయ్ హోటల్ దాకా మోసుకెళ్లలేదు. అక్కడికి వెళ్లేసరికి పదహారు ఇరవై రెండయింది. మెకానిక్ చేసిన పని నేనే చేసినట్టయింది. అంతటితో ఆగినా బాగుండేది. ఎలా చేశావని అడిగారు. మోటార్లు చుట్టేవాణ్ని, కరెంటు గురించి తెలియదంటే పరువేం కావాలి. సందు పెద్దదైతే కరెంటు పెద్ద దూకు దూకుతుందనీ, దూకు పెద్దదైతే నిప్పు పెద్దదవుతుందనీ, నిప్పు పెద్దదైతే పెట్రోలు చుక్క కూడా మిగలకుండా కాలుతుందనీ చెప్పాను. చెబుతుంటే నాకే ఎంతో సబబుగా తోచింది. బెంచీల మీద ఉన్నవాళ్లు ఎప్పటిలాగే నవ్వి లేచిపోయారు. ఒక మూల చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్న అన్న నవ్వలేదు.

ఆ వారంలోనే తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తన కారు పదిహేను కూడా ఇవ్వడం లేదని, కాస్త ఆ గ్యాపు చూడమని అడిగాడు. నవ్వులాటకు అన్నానని చెప్పడానికి అదే సరైన సమయం. నోరు తెరిచాను కూడా. కానీ నా నోటికి ఒక గుణం ఉంది, తెరిచాక అది నన్ను అడగదు.

“గంతేనా అన్నా, అర్ధగంట పని” అంది.

మా దగ్గర రోడ్డు పక్క భూములు అమ్ముడుపోవడం మొదలయ్యాక పెళ్లి పత్రికలు మారిపోయాయి. ఒకప్పుడు పసుపు రాసిన పలుచని కార్డు వచ్చేది. ఇప్పుడు పెట్టెలో పెట్టి ఇస్తున్నారు. పైన మఖమల్, లోపల బంగారు అక్షరాలు, ఇంత మందం అట్ట. వేలితో కొడితే తలుపు తట్టినట్టు మోగుతుంది. మా ఇంట్లో ఆ ఏడాది పత్రికలే ఉన్నాయి. అందులో ఒక రాజకీయ నాయకుడి ఇంటి పెళ్లిది తీశాను. మధ్యకు మడవబోతే మడత పడలేదు. సుత్తితో కొట్టి మడిచాను. ఒక కాగితం మడవడానికి సుత్తి కావాల్సి వచ్చినప్పుడే మనిషికి అనుమానం రావాలి. నాకు రాలేదు. నాలుగు ప్లగ్గుల రేకుల్నీ ఆ మందం పట్టేదాకా పైకి వంచాను.

గోడ అవతల నిలబడి చూస్తున్న వదిన ఊరుకోలేదు.

“ఏం మర్దీ, బండికి పెండ్లి జేస్తున్నవా?”

“పెండ్లి కాదు వదినా, వయసు తగ్గిస్తున్న.”

“అట్లనే నాకు గూడ జర గ్యాపు సరిజెయ్యరాదు. దమ్మన్న మంచిగొస్తది” అని నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు.

తర్వాతి ఆదివారం అన్న కారు మూడోసారికి గానీ స్టార్ట్ కాలేదు. పొద్దున చలికి అలాగే ఉంటుందన్నాను. పది రోజులకు, పెట్రోలు మునుపటికంటే తొందరగా అయిపోతోందని చెప్పాడు. ఇంజన్ కొత్త గ్యాపుకు అలవాటు పడుతోందనీ, నెల రోజులు ఓపిక పట్టమనీ అన్నాను. ఏసీ వేస్తే బండి వణుకుతోందన్నాడు. ఏసీయే అసలు పెట్రోలు తాగేది, అది కట్టేసి కిటికీలు దించుకోమన్నాను. ఆయన తలూపి, నేను చెప్పినట్టే చేశాడు. నేను ఏది చెబితే అది.

అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. చప్పుడు నా వృత్తి. మోటారు చప్పుడు విని లోపల ఏ చుట్టు కాలిందో చెప్పగలను. అన్న కారు మా దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా నాలుగు దెబ్బల్లో ఒక దెబ్బ తప్పుతున్నట్టు వినిపించేది. మెకానిక్‌లు దాన్ని మిస్సింగ్ అంటారు. వినబడగానే చేతిలో తీగ ఆగిపోయేది. సాయంత్రం వెళ్లి చెప్పేద్దాం, నాలుగు షట్టర్ల అవతలికి తీసుకెళ్లి సరి చేయిద్దాం అనుకునేవాణ్ని. వెళితే, ఇరవై రెండు ఏమైందని అడుగుతాడు. అడగడు కూడా. ఊరికే నా ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు తలుచుకుని ఇంకో సాయంత్రానికి వాయిదా వేసేవాణ్ని.

వదిన డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. నేను పట్నం నుంచి రాగి తీగ తెచ్చుకోవాలి. మొయినాబాద్ దాకా మాతోనే రమ్మని అన్న పిలిచాడు. రానని చెప్పడానికి సాకు దొరకలేదు. ముందు సీట్లో కూర్చున్నాను. వదిన వెనక కూర్చుని ఒడిలో రిపోర్టుల సంచీ పెట్టుకుంది. పొద్దున తొమ్మిది దాటింది. ఎండ బాగానే కాస్తోంది.

చేవెళ్ల దాకా ఏమీ కాలేదు. పెట్రోలు బంకు దగ్గర ఆగి పోయించుకున్నాం. చేవెళ్ల దాటాక రోడ్డు వెడల్పు పని నడుస్తోంది. ఒక పక్కంతా తవ్వి ఎర్రమట్టి పోశారు. ముందు టిప్పర్లు, వెనక టిప్పర్లు. నా సలహా ప్రకారం నాలుగు కిటికీలూ దించి ఉన్నాయి. మట్టి లోపలికి మేఘంలా వచ్చింది. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముందు చిన్నగా దగ్గింది. తర్వాత ఆగకుండా.

కల్వర్టు కడుతున్న చోట బండ్లను పక్కకు దించి, మళ్లీ రోడ్డు మీదికి ఎక్కిస్తున్నారు. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు కారు ఝట్కాలు కొట్టింది. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి. పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంది. స్టీరింగ్ వెనక ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఉంది.

“గీ లైటు ఎన్నడు రాలే. ఏంది తమ్మీ గిది?” అన్నాడు అన్న.

“ఏం లేదన్నా. పెట్రోల్ల కచరా వచ్చినట్టున్నది. జర యాక్సిలేటర్ గట్టిగ తొక్కు.”

తొక్కాడు. తొక్కినకొద్దీ ఇంజన్ మీద బరువు పెరిగి మిస్సింగ్ ఎక్కువైంది. అలా అవుతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఏదో ఒకటి చెప్పకపోతే ఆ నిశ్శబ్దంలో నిజం వినిపించేలా ఉంది.

దుమ్ము ఆపుదామని అన్న కిటికీలు ఎక్కించి ఏసీ వేశాడు. కారు నిలువెల్లా వణికి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయడానికి ఐదారు సార్లు తిప్పాల్సి వచ్చింది. ఇక ఏసీ వేయలేం. కిటికీలు మూస్తే లోపల పెట్రోలు వాసన, తెరిస్తే మట్టి. వదిన సంచీలో తడుముకుని పంపు తీసింది. ఇన్‌హేలర్‌ను మా దగ్గర పంపు అంటారు. రెండు సార్లు కొట్టుకుంది. మూడోసారి అది ఉత్త గాలి శబ్దం చేసింది. కొత్తది ఈ రోజే తీసుకోవాలి. దాని కోసం కూడా వెళుతున్నాం.

రెండో గేరులో, మనిషి పరుగెత్తేంత వేగంతో పోతున్నాం. రోడ్డు పక్కన ప్లాట్లు అమ్ముతామన్న బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. ఒక బోర్డు దాటి ఇంకో బోర్డు రావడానికి ఎంత సేపు పడుతోందో లెక్కపెడుతున్నాను. వెనక వదిన ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. అద్దంలో చూశాను. భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. గాలి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పడుతోంది. ముందు ఇంజన్ ఒక దెబ్బ తప్పుతోంది, వెనక ఆమె ఒక ఊపిరి తప్పుతోంది. రెండు చప్పుళ్లనూ విడదీసి వినలేకపోయాను.

అన్న వెనక్కి తిరగకుండానే ఆమెతో మాట్లాడుతున్నాడు. అయిపోయింది, వచ్చేశాం, ఇంకా కొంచెమే అని. మధ్యమధ్యలో నావైపు చూస్తున్నాడు. కోపంగా కాదు. డాక్టరు వైపు చూసినట్టు. కచరా ఇప్పుడు పోతుంది అన్నాను. ఇంకో కిలోమీటరు. ఇంకాస్త వేడెక్కితే సర్దుకుంటుంది అన్నాను. ఇంకో కిలోమీటరు. అలా ఎన్ని కిలోమీటర్లు ఆ పరువు కాపాడుకున్నానో నాకు తెలుసు. ఐదు. ఆ ఐదు కిలోమీటర్లలో మమ్మల్ని ఎన్ని బండ్లు దాటిపోయాయో కూడా తెలుసు. ఏ ఒక్కదాన్ని ఆపినా ఆమె అప్పటికే మొయినాబాద్‌లో ఉండేది.

మళ్లీ అద్దంలో చూసినప్పుడు వదిన పెదాల రంగు మారి ఉంది. ఏదో అనబోయింది. ఒక్క మాటకు సరిపడా గాలి కూడా లేదు. రోడ్డు వైపు చూడడం లేదు, అద్దంలో నన్నే చూస్తోంది.

“అన్నా, ఆపు” అన్నాను.

ఆపాడు.

“ఈ బండి మొయినాబాద్ పోదు. పెట్రోల్ల ఏం లేదు. గ్యాపు నేనే ఖరాబ్ జేసిన. ఇరవై రెండు అబద్ధం. అంత అబద్ధమే. ఏదన్న బండి ఆపు, వదినెను ఎక్కియ్యి.”

అన్న నావైపు చూశాడు. వదిన రెండు ఊపిర్లు తీసుకునేంతసేపు చూశాడు. తర్వాత తలుపు తీసుకుని దిగి, రోడ్డు మధ్యలోకి వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పరిగి వైపు నుంచి వస్తున్న బస్సు ఆయనకు నాలుగడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టబోయి, కారులో వదినను చూసి మానుకున్నాడు. కండక్టరమ్మ దూకినట్టే దిగింది. నేనూ ఆమే చెరో పక్క పట్టుకుని వదినను ఎక్కించాం. ఆకుకూరల గంపలతో కూర్చున్న ఒకావిడ ఎవరూ అడగకముందే లేచి, కిటికీ పక్క సీటు ఖాళీ చేసింది.

“ఎవ్వల స్టాపు ఎక్కడున్నా సరే, బస్సు దవాఖాన కాడనే ఆగుతది” అని కండక్టరమ్మ లోపలికి చెప్పింది. ఎవరూ కాదనలేదు.

అన్న మెట్టు మీద నుంచి తిరిగి, బండి దగ్గర ఉండమని మాత్రం అన్నాడు. తలుపు మూసుకుంది.

నేను మిగిలాను. కారు మిగిలింది. టిప్పర్లు పోతున్నాయి. ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అది మోగాలని ఉంది, మోగకూడదనీ ఉంది. మోగితే ఏం చెబుతుందో అన్న భయానికి ఒకసారి డిక్కీ మీద పెట్టి నాలుగడుగులు దూరం జరిగాను. మళ్లీ పరుగున వచ్చి తీసుకున్నాను. చేతులకు ఏదో ఒక పని కావాలి. బోనెట్ ఎత్తాను. ఎందుకైనా మంచిదని పొద్దున వేసుకున్న ప్లగ్గు పానా నా సంచీలో ఉంది. కాలుతున్న ఇంజన్ మీద వేళ్లు చురచురమంటుంటే ఒక్కొక్కటే విప్పాను. నాలుగు ప్లగ్గులూ నల్లగా, తడిగా, పెట్రోలు కంపు కొడుతూ వచ్చాయి.

జేబులో ఏటీఎం కార్డు ఉంది. దాదాపు అసలు గ్యాపు ఎంతో ఆ కార్డు అంతే మందం. సందులో పెట్టి చూశాను. వదులుగా ఆడింది. దాని మీద ప్లాస్టిక్ ఆధార్ కార్డు జోడించి పెట్టాను. రెండూ కలిసి హాయిగా దూరాయి. ఉండాల్సిన దానికి రెట్టింపు సందు పెట్టాను. మెకానిక్ మడిచింది ఏనాటిదో పలుచని పత్రిక అనీ, నేను సుత్తితో మడిచింది తలుపు చెక్కలాంటి పత్రిక అనీ అప్పుడు తట్టింది. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

కిలోమీటరు రాయికి ఆనించి ఒక్కో రేకునూ తట్టి, ఏటీఎం కార్డు ఒక్కటే పట్టేలా చేసి, మళ్లీ బిగించాను. తాళం తిప్పగానే కారు స్టార్ట్ అయింది. నాలుగు దెబ్బలకు నాలుగూ వినిపించాయి. ఏసీ వేసినా వణకలేదు. అంతా కలిపి అర్ధగంట పట్టలేదు. నెల రోజులుగా ఏ సాయంత్రమైనా చేయగలిగిన పని. కారు అంత నున్నగా నడుస్తుంటే నాకు చెమటలు పట్టాయి.

మొయినాబాద్ దవాఖాన ముందు ఆపి, దిగలేక లోపలే కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూస్తూ ఉన్నాను. ఏడుస్తూ ఎవరు బయటికి వచ్చినా, వాళ్ల వెనక అన్న ఉన్నాడేమోనని చూసేవాణ్ని. చాలాసేపటికి అన్న వచ్చాడు. ఒక్కడే. తల వంచుకుని, తువాలుతో ముఖం తుడుచుకుంటూ. కారు దగ్గరికి వచ్చి కిటికీ మీద చేయి పెట్టాడు.

“లోపటికి రా. పిలుస్తున్నది” అన్నాడు.

వదిన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ముఖానికి మాస్కు, అందులో మందు ఆవిరి. పెదాలకు రంగు తిరిగి వచ్చింది. నన్ను చూసి మాస్కు కాస్త పక్కకు జరిపింది.

“నీ అబద్ధంతోని పోయిన దమ్ము, నీ నిజంతోని తిరిగొచ్చింది మర్దీ” అంది. అన్న నా భుజం మీద చేయి వేశాడు.

ఇప్పుడు ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి.

పత్రిక నిజం, సుత్తి నిజం. ఏసీ వద్దని చెప్పింది నేనే. దుమ్ము, ఖాళీ పంపు, పెదాల రంగు, బస్సు, గంపల ఆవిడ, ఏటీఎం కార్డు, అన్నీ జరిగినవే. ఆ ఐదు కిలోమీటర్లు కూడా. కల్పించింది ఆ తర్వాతి ముక్క. కారు ఆపమని నేను చెప్పలేదు. నిజం చెప్పలేదు. పెదాల రంగు చూశాక కూడా కచరా అనే అన్నాను. కారు దానంతటదే ఆగిపోయింది. నన్ను అడగకుండా అన్నే దిగి బస్సును ఆపాడు. వదినను పట్టుకుని ఎక్కిస్తూ కూడా, పెట్రోల్లో నీళ్లు కలిసినట్టున్నాయని కండక్టరమ్మకు చెబుతూనే ఉన్నాను.

దవాఖానలో వదిన ఆ మాట అనలేదు. అంత అందంగా తూచినట్టున్న మాట దమ్ము ఆడని మనిషి ఎక్కడ అంటుంది, మీకు అనుమానం రావాల్సింది. ఆమె అసలు మాట్లాడలేకపోయింది. ఇంజన్ వేడికి బొబ్బలెక్కిన నా వేళ్లు చూసి, చేయి పట్టుకుని, దండం పెట్టినట్టు నుదుటికి తాకించుకుంది. ఎండలో రోడ్డు మీద నిలబడి బండి బాగుచేసి తెచ్చానని, అందుకు. పక్కన ఉన్న నర్సుతో అన్న గర్వంగా చెప్పాడు, మా తమ్ముడు ఏ బండినైనా చేత్తో ముట్టుకుంటే చాలని. అప్పుడు కూడా చెప్పలేదు.

మర్నాడు అన్న పెట్రోలు బంకుకు వెళ్లాడట. జీవితంలో ఎవరినీ గట్టిగా అనని మనిషి, మా పెట్రోల్లో నీళ్లు కలిపారని అక్కడ పైపు పట్టుకునే అమ్మాయిని నలుగురిలో నిలదీశాడు. ఆ అమ్మాయి ఏడ్చిందని ఎవరో చెప్పారు. అప్పుడూ చెప్పలేదు.

చర్చిలో ఇంకో ఇద్దరు తమ కార్ల గ్యాపు చూడమని అన్న చేత అడిగించారు. కళ్లు కనబడడం లేదని తప్పించుకున్నాను. వాళ్లలో ఒకరికి మూడు నెలల పాప ఉంది. వాళ్లే ఏ పత్రికో తీసి సొంతంగా ప్రయత్నిస్తారేమోనని, వాళ్ల ఇంటి ముందు బోనెట్ ఎత్తి కనిపిస్తే చాలు, ఆగి చూసి గానీ కదలలేకపోతున్నాను.

అన్న పుస్తకాలు చదవడు. వదిన చదువుతుంది. పొట్లం కట్టిన కాగితమైనా సాపు చేసి చివరి దాకా చదివే మనిషి. ఇది అచ్చయి వచ్చాక తీసుకెళ్లి ఆమె చేతికే ఇవ్వాలని అనుకుంటున్నాను. ఇచ్చి వచ్చేయకుండా, ఆమె చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చోవాలని కూడా. చదివి తల ఎత్తినప్పుడు ఆమె ఊపిరి ఎలా ఉంటుందో అని ఇప్పటి నుంచే భయపడుతున్నాను.